డ్వార్ఫ్ సిక్లిడ్ల పెంపకం: నీళ్ల కొలత నుంచి పిల్లల దాకా

చేప నచ్చి కొని తెచ్చుకోవడం, ఆ తర్వాత దానికి సరిపడే నీళ్ల కోసం తంటాలు పడటం. డ్వార్ఫ్ సిక్లిడ్లతో, అంటే ట్యాంకుల్లో పెంచే చిన్న సైజు సిక్లిడ్ చేపలతో, ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. వరస తిరగేయండి. మీ కుళాయిలో వచ్చే నీళ్లు ఎలాంటివో ముందు తెలుసుకుని, ఆ నీళ్లకు తగిన చేపను ఎంచుకుంటే సగం పని అయినట్టే. మిగతా సగం దాదాపుగా ట్యాంకు అడుగునే జరుగుతుంది, ఎందుకంటే ఇవి నేలను నమ్ముకుని బతికే చేపలు.

నీళ్లు కొలిచి చేపను ఎంచుకోవడం

బకెట్లో నీళ్లు పట్టి, గాలి పంపు పెట్టి, 24 గంటలు ఆగి కొలవండి. అప్పుడే పట్టిన నీళ్లలో, ముఖ్యంగా బోరు నీళ్లలో, కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడ్ వల్ల పీహెచ్ (నీళ్లు ఆమ్లమో క్షారమో చెప్పే అంకె, 7 తటస్థం) తక్కువగా కనబడుతుంది. మరునాటికి ఆ గ్యాస్ పోయి అసలు అంకె బయటపడుతుంది. పీహెచ్‌తో పాటు జీహెచ్ (నీళ్ల మొత్తం గట్టితనం, డిగ్రీల్లో), కేహెచ్ (పీహెచ్ మారకుండా పట్టి ఉంచే కార్బొనేట్ల కొలత), టీడీఎస్ (కరిగి ఉన్న లవణాల మొత్తం) కూడా రాసి పెట్టుకోండి.

జీహెచ్ 10 దాటి, పీహెచ్ 7.5 దగ్గర ఉంటే క్రిబెన్సిస్ గానీ బొలీవియన్ రామ్ గానీ తీసుకోండి. క్రిబెన్సిస్ నైజీరియా, కామెరూన్ వైపు చేప. మొదటిసారి పిల్లల్ని పెంచాలనుకునేవాళ్లకు ఇంతకంటే ఓర్పున్న చేప దొరకదు. జీహెచ్ 5కీ 10కీ మధ్య ఉంటే అపిస్టోగ్రామా కకటూయిడిస్ బాగా కుదురుతుంది. ఇది పశ్చిమ అమెజాన్ ప్రాంతం నుంచి వచ్చింది, అపిస్టోగ్రామాల్లో (వాడుకలో అపిస్టోలు) నీళ్ల విషయంలో దీనికి పట్టుదల తక్కువ. జీహెచ్ 5 లోపు, పీహెచ్ 6.5 లోపు ఉంటేనే అపిస్టోగ్రామా అగస్సిజి, బ్లూ రామ్ లాంటివాటి జోలికి వెళ్లండి. బ్లూ రామ్ చూడముచ్చటగా ఉంటుంది కాబట్టి అందరి చెయ్యీ ముందు దాని మీదికే పోతుంది. కానీ వెనెజులా, కొలంబియాల్లోని ఒరినోకో మైదానాల వేడి నీళ్లలో పుట్టిన ఆ చేపకు 28 నుంచి 30 డిగ్రీలు కావాలి. 25 డిగ్రీల ట్యాంకులో నెలల తరబడి నీరసించి, చివరికి ఏదో ఒక రోగం తగులుకుంటుంది. మిగతావాటికి 25–27 డిగ్రీలు చాలు.

నీళ్లు బాగా గట్టివై, మెత్తటి నీళ్ల చేపే కావాలనుకుంటే ఆర్‌ఓ నీళ్లు కలపడం ఒక్కటే నమ్మకమైన దారి. లెక్క తేలికే. కుళాయి నీళ్ల టీడీఎస్ 400, ఆర్‌ఓ నీళ్లది 20 అనుకోండి. ఒక పాలు కుళాయి నీళ్లు, రెండు పాళ్లు ఆర్‌ఓ నీళ్లు కలిపితే 150కి కాస్త అటూ ఇటుగా వస్తుంది. పీహెచ్ తగ్గించే ద్రావణాలు పోయవద్దు. కేహెచ్ ఎక్కువగా ఉన్న నీళ్లలో ఆమ్లం పోస్తే పీహెచ్ దిగుతుంది, మరునాటికి మళ్లీ పైకి లేస్తుంది. స్థిరంగా ఉన్న 7.6 కంటే రోజూ ఊగిసలాడే 6.5 చేపకు చేటు. ఆర్‌ఓ నీళ్లతో కేహెచ్ తగ్గిస్తే పీహెచ్ దానంతట అదే కిందికి వస్తుంది.

ట్యాంకు: ఎత్తు కాదు, నేల చూడండి

ఒక జంటకు 60×30 సెం.మీ. నేల ఉండాలి. 30 సెం.మీ. ఎత్తుతో అది 54 లీటర్ల ట్యాంకు. ఒక మగ, రెండు మూడు ఆడ అపిస్టోలను కలిపి పెంచాలంటే 90×40 సెం.మీ. నేల తీసుకోండి. 45 సెం.మీ. ఎత్తున్న ట్యాంకు అందంగా ఉంటుందేమో గానీ, పైనున్న ఆ నీళ్లు ఈ చేపలకు పెద్దగా అక్కరకు రావు.

అడుగున గులకరాళ్లు కాదు, సన్నని ఇసుక వేయండి. రేణువు ఒక మిల్లీమీటర్ లోపు ఉండాలి, మందం 2–3 సెం.మీ. చాలు. అపిస్టోలూ రామ్‌లూ ఇసుకను నోట్లోకి తీసుకుని, తిండి ఏరుకుని, మొప్పల్లోంచి వదిలేస్తాయి. ముతక రాళ్లు వేస్తే ఆ పని ఆగిపోతుంది, రాళ్ల సందుల్లో తిండి కుళ్లుతుంది. ఇసుకను నీళ్లు తేటగా వచ్చేదాకా కడగండి. ఒక చెంచా ఇసుక మీద వెనిగర్ చుక్కలు వేసి చూడండి. బుస్సుమని పొంగితే అందులో గవ్వ పొడో సున్నమో ఉన్నట్టు, అది నీళ్ల కాఠిన్యాన్ని పెంచుతూనే ఉంటుంది.

గుహలకు కొబ్బరి చిప్పను మించింది లేదు. పీచు గీకేసి, అరగంట చొప్పున రెండు మూడుసార్లు నీళ్లు మార్చి ఉడికించండి. అంచున తలుపులా చిన్న గాటు పెట్టి బోర్లించండి. ఆ తలుపు కొలత ముఖ్యం. అపిస్టోకు 2–3 సెం.మీ. సరిపోతుంది: ఆడచేప దూరాలి, పెద్ద మగచేప దూరలేకపోవాలి. మగది లోపలికి రాలేదని తెలిస్తేనే ఆడది నిశ్చింతగా గుడ్లు పెడుతుంది. క్రిబెన్సిస్‌లో మగ, ఆడ రెండూ లోపలికి వెళ్తాయి కాబట్టి 4–5 సెం.మీ. పెట్టండి. ప్రతి ఆడచేపకు కనీసం రెండు గుహలు ఉండాలి. ఒక ఆడచేప గుహ నుంచి ఇంకోదాని గుహకు 25 సెం.మీ. దూరం ఉండాలి, మధ్యలో దుంగో రాయో అడ్డం పెట్టాలి. ఒకదానికొకటి కనబడకపోవడమే ఇక్కడ కిటుకు. కనబడితే కొట్లాట. రామ్‌కు గుహ అక్కరలేదు, అరచేయంత చదును రాళ్లు రెండు మూడు చాలు.

రాలిన నాటు బాదం ఆకులు, ఎండి గోధుమ రంగుకు వచ్చినవి, కడిగి వేయండి. 20 లీటర్లకు ఒక పెద్ద ఆకు లెక్క. నీళ్లకు లేత టీ రంగు వస్తుంది, ఆడచేపలకూ పిల్లలకూ దాక్కునే చోటు దొరుకుతుంది, కుళ్లుతున్న ఆకు మీద పెరిగే సూక్ష్మజీవులు మొదటి రోజుల్లో పిల్లలకు మేత. ఈనెలు మాత్రమే మిగిలిన ఆకుల్ని చెత్త అనుకుని ఒక్కసారిగా తీసేయకండి. మొక్కల్లో జావా ఫెర్న్, అనూబియాస్, జావా మాస్, పైన తేలే మొక్కలు ఏవైనా సరే.

వడపోతకు గాలి పంపుతో నడిచే స్పాంజ్ ఫిల్టర్ పెట్టండి. మోటారు ఫిల్టరే ఉంటే పీల్చే గొట్టానికి స్పాంజ్ తొడగండి, లేకపోతే వారం వయసు పిల్లలు ఒక్క రాత్రిలో మాయమవుతాయి. హీటర్ లీటరుకు ఒక వాట్ చొప్పున చూసుకోండి.

బ్యాక్టీరియా సిద్ధమయ్యేదాకా

చేపల వ్యర్థాల నుంచి వచ్చే విషపు అమ్మోనియాను ముందు నైట్రైట్‌గా, తర్వాత హాని తక్కువైన నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఫిల్టర్‌లో ముందే పెరగాలి. అందుకు ఖాళీ ట్యాంకులో ఫిల్టర్ నడుపుతూ అమ్మోనియా 2 పీపీఎమ్ (లీటరుకు 2 మిల్లీగ్రాములు) వచ్చేలా వేయండి. రోజు విడిచి రోజు కొలవండి. ముందు అమ్మోనియా తగ్గి నైట్రైట్ పెరుగుతుంది, తర్వాత నైట్రైట్ తగ్గి నైట్రేట్ కనబడుతుంది. 2 పీపీఎమ్ వేసిన 24 గంటల్లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వస్తే ట్యాంకు సిద్ధం. మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. రోగాలు లేని పాత ట్యాంకులోని స్పాంజ్ ముక్క దొరికితే ఇంకా తొందరగా అవుతుంది.

మెత్తటి నీళ్లవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. పీహెచ్ 6 దగ్గరికి వచ్చేసరికి ఈ బ్యాక్టీరియా మందగిస్తుంది. అక్కడ అమ్మోనియా ఎక్కువ భాగం హాని తక్కువైన అమ్మోనియం రూపంలో ఉంటుంది కాబట్టి చేపలు బాగానే కనబడతాయి. అలాంటి ట్యాంకులో ఒకేసారి సగం నీళ్లు తీసి 7.8 పీహెచ్ ఉన్న నీళ్లు పోస్తే, ఉన్న అమ్మోనియం విషపు అమ్మోనియాగా మారుతుంది. "నీళ్లు మార్చిన రోజే చచ్చిపోయాయి" అనే మాట వెనక చాలాసార్లు ఇదే ఉంటుంది.

చేపలను ఎంచడం, తెచ్చి వదలడం

పెద్ద, రంగు తేలిన జంట కోసం చూడకండి. 3–4 సెం.మీ. ఉన్న పిల్లచేపలు ఆరు తీసుకుని, వాటంతట అవి జత కట్టేదాకా ఆగడం మేలు. రామ్‌లోనూ క్రిబెన్సిస్‌లోనూ ఇలా కుదిరిన జంటే నిలబడుతుంది. దుకాణంలో మనం కలిపిన సంబంధం చాలాసార్లు పెటాకులవుతుంది. జంట తేలాక మిగతా నాలుగింటినీ వేరే ట్యాంకుకు మార్చండి.

కడుపు లోపలికి పోయినవి, తెల్లటి దారంలాంటి రెట్ట వేసేవి, మూలన నల్లబడి నిలబడ్డవి వద్దు. దుకాణంవాళ్లతో చేపలకు తిండి వేయించి చూడండి, ఇసుక మీదికి దిగి తినేదాన్నే తీసుకోండి. చిన్న వయసులోనే కళ్లు చెదిరే రంగులున్న రామ్‌ను అనుమానించండి. రంగు కోసం హార్మోన్లు వాడి పెంచిన మగచేపలు గుడ్లను ఫలింపజేయలేకపోవచ్చు.

ఆడా మగా గుర్తు పట్టడం ఇలా. కకటూయిడిస్ మగదానికి వీపు రెక్క ముందరి ముళ్లు కోడి జుట్టులా లేచి ఉంటాయి. ఆడదాని తోక గుండ్రం, పొట్ట కింది రెక్కల ముందంచు నల్లన. ఆడ రామ్ పొట్ట గులాబీ రంగు, ఒంటి మీది నల్లమచ్చలో నీలపు చుక్కలు మెరుస్తాయి. క్రిబెన్సిస్ ఆడది పొట్టిగా, గుండ్రంగా, పండిన చెర్రీ రంగు పొట్టతో ఉంటుంది. మగదాని వీపు రెక్క చివర మొనదేలి ఉంటుంది. అపిస్టోలలో ఒక మోసం ఉంది. పెద్ద మగచేప ఉన్న గుంపులో చిన్న మగవి ఎదుగుదల ఆపి, ఆడవేషంలో నెలల తరబడి తిరుగుతాయి. రెండు "ఆడచేపలు" ఉండి కూడా ఎప్పటికీ గుడ్లు పడకపోతే ఈ సంగతి తలుచుకోండి.

ఇంటికి తెచ్చాక బకెట్లో పోసి, గాలి గొట్టంతో ట్యాంకు నీళ్లను సెకనుకు రెండు మూడు చుక్కల చొప్పున గంటో గంటన్నరో పడనివ్వండి. మూడు నాలుగు వారాలు వేరే ట్యాంకులో ఉంచాకే అసలు ట్యాంకులోకి మార్చండి.

తిండి, రోజువారీ పనులు

గుళికలు తినడం నేర్చుకుంటాయి గానీ, గుడ్లు పెట్టించేది ప్రాణమున్న మేత, గడ్డకట్టించిన మేత: బ్రైన్ ష్రింప్ (ఉప్పునీటి చిన్న రొయ్యలు), డాఫ్నియా, సైక్లాప్స్ లాంటి సన్నని నీటి జీవులు, దోమ పిల్లపురుగులు. రోజుకు రెండుసార్లు, రెండు నిమిషాల్లో అయిపోయేంత. ఎర్ర బ్లడ్‌వర్మ్ వారానికి ఒకటి రెండుసార్లు మించవద్దు, పొట్ట ఉబ్బరం పట్టుకుంటుంది.

వారానికి 20–25 శాతం నీళ్లు మార్చండి, నైట్రేట్ 20 పీపీఎమ్ దాటనివ్వకండి. కొత్త నీళ్లకు క్లోరిన్ పోగొట్టే మందు తప్పనిసరి. ఒక రాత్రి ఉంచితే క్లోరిన్ పోతుందేమో గానీ క్లోరమిన్ (క్లోరిన్, అమ్మోనియా కలిసిన పదార్థం) పోదు. స్పాంజ్‌ను కుళాయి కింద కాక, ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే పిండండి.

పైన ఈదే చిన్న టెట్రాలు గానీ పెన్సిల్ ఫిష్ గానీ ఆరు ఉంటే సిక్లిడ్లకు ధైర్యం. అవి నిర్భయంగా తిరుగుతుంటే వీటికి ప్రమాదం లేదని అర్థమవుతుంది. కోరిడోరస్‌ను మాత్రం గుడ్ల ట్యాంకులో పెట్టకండి. చీకట్లో గుడ్లు తినేస్తాయి, తల్లి చేతిలో కళ్లు పోగొట్టుకుంటాయి. ఇద్దరికీ నష్టమే.

గుడ్లు పెట్టించడం

పది రోజులు మేత పెంచండి. తర్వాత 30–40 శాతం నీళ్లు మార్చండి. కొత్త నీళ్లు ట్యాంకు కంటే రెండు డిగ్రీలు చల్లగా, టీడీఎస్ కొంచెం తక్కువగా ఉంటే చేపకు వాన కురిసినట్టే. వారం వ్యవధిలో రెండోసారి కూడా చేయండి.

అపిస్టో ఆడచేప సిద్ధమైతే ఒళ్లంతా పసుపు పూసుకుని కాటుక దిద్దుకున్నట్టు మారిపోతుంది. మగదాని ముందు ఒళ్లు విల్లులా వంచి వణికిస్తుంది, తర్వాత గుహకు అంటిపెట్టుకుంటుంది. ఒక రోజంతా కనబడక, మరునాడు గుమ్మంలో నిలబడి తనకు రెట్టింపున్న మగచేపను తరుముతోందంటే గుడ్లు పడ్డాయని లెక్క. గుహ కప్పుకు అంటించిన కాషాయ రంగు గుడ్లు, 50 నుంచి 100 దాకా. చిప్ప ఎత్తి చూడాలనిపిస్తుంది. చూడకండి. ఎత్తిన రోజే తల్లి గుడ్లు తినేయవచ్చు. చూసే తీరాలంటే చిన్న అద్దాన్ని గుమ్మం ముందు పెట్టి టార్చి వేయండి.

26 డిగ్రీల్లో మూడు నాలుగు రోజులకు గుడ్లు చిట్లుతాయి. తోక ఆడిస్తూ ఒకేచోట పడి ఉండే ఆ పిల్లలు ఇంకో నాలుగైదు రోజులకు, అంటే గుడ్లు పెట్టిన ఎనిమిది తొమ్మిది రోజులకు, తల్లి వెంట మబ్బు తునకలా బయటికి వస్తాయి. తల్లి ఒక్కసారి ఒళ్లు విదిలిస్తే పిల్లలన్నీ ఇసుక మీద పడి కదలకుండా ఉండిపోతాయి. అది తల్లి పిల్లలకిచ్చే ప్రమాద సంకేతం. 60 సెం.మీ. ట్యాంకులో ఈ దశలో అపిస్టో మగచేపను తీసేయండి. తప్పించుకునే చోటు లేక తల్లి దెబ్బలకు చచ్చేవి ఉన్నాయి. క్రిబెన్సిస్‌లో ఇలా చేయకండి. అక్కడ తండ్రి కూడా కాపలా కాస్తాడు, విడదీసి మళ్లీ కలిపితే రెండూ పగవాళ్లలా కొట్టుకోవచ్చు.

రామ్ చదును రాతి మీద 150 నుంచి 300 గుడ్లు పెడుతుంది, మగ, ఆడ రెండూ కలిసి రెక్కలతో గుడ్లకు నీళ్లు విసురుతాయి. 28–29 డిగ్రీల్లో రెండు మూడు రోజులకు చిట్లి, వారానికి పిల్లలు ఈదుతాయి. దీపం ఒక్కసారిగా ఆరిపోతే రామ్ తల్లిదండ్రులు పిల్లల్ని పోగొట్టుకుంటాయి. గదిలో చిన్న దీపం రాత్రంతా ఉంచండి. మొదటి రెండు మూడు కాన్పులు తినేయడం కుర్ర జంటలకు మామూలే. నాలుగోసారి కూడా తింటే, రాయిని గుడ్లతో సహా అదే నీళ్లున్న 5 లీటర్ల డబ్బాలోకి మార్చి, పక్కన గాలి రాయి పెట్టి, నీళ్లకు లేత నీలం వచ్చేంత మిథిలీన్ బ్లూ (బూజు పట్టకుండా ఆపే మందు) వేయండి. తెల్లబడ్డ గుడ్లను డ్రాపర్‌తో తీసేస్తూ ఉండాలి. పిల్లలు ఈదే లోపు రోజుకు సగం నీళ్లు మార్చి మందు పోగొట్టండి.

పిల్లల మేత

గుడ్లు చిట్లాయని తెలిసిన రోజే బ్రైన్ ష్రింప్ మొదలుపెట్టి, రోజుకో సీసా సిద్ధంగా ఉండేలా చూసుకోండి. పిల్లలు ఈదాక సీసా కోసం వెతికితే కాన్పు దక్కదు.

1. లీటరు నీళ్లలో అయోడిన్ లేని ఉప్పు 25 గ్రాములు, పావు చెంచా వంట సోడా కలపండి.
2. సీసాను తలకిందులు చేసి, అడుగు దాకా గాలి గొట్టం పెట్టి, అర చెంచా బ్రైన్ ష్రింప్ గుడ్లు వేసి బుడగలు జోరుగా వదలండి.
3. 26–28 డిగ్రీల్లో, పక్కన దీపంతో 24 గంటలు ఉంచండి.
4. గాలి ఆపి పది నిమిషాలు ఆగండి. పెంకులు పైకి తేలతాయి, నారింజ రంగు పిల్లలు వెలుతురు ఉన్న వైపు అడుగున చేరతాయి. వాటిని మాత్రమే లాగి, సన్నని గుడ్డలో వడగట్టి, మంచినీళ్లతో కడిగి వేయండి.

సిరంజికి గాలి గొట్టం తొడిగి పిల్లల గుంపు మీదే నెమ్మదిగా వదలండి, రోజుకు మూడుసార్లు. పది నిమిషాలకు పొట్టలు నారింజ రంగులో కనబడాలి. అపిస్టో, క్రిబెన్సిస్ పిల్లలు మొదటి రోజు నుంచే దీన్ని తింటాయి. రామ్ పిల్లలు మరీ చిన్నవి, మొదటి రెండు మూడు రోజులు వెనిగర్ ఈల్స్ (వెనిగర్‌లో పెరిగే సూక్ష్మమైన పురుగులు) లాంటి సన్నని మేత చేతిలో ఉండాలి. రోజు విడిచి రోజు 10 శాతం నీళ్లను గాలి గొట్టంతో తెల్ల బకెట్లోకి లాగండి. పొరపాటున వచ్చిన పిల్లలు తెలుపు మీద కనబడతాయి.

నాలుగు వారాలకు సుమారు ఒక సెంటీమీటర్ అవుతాయి. తల్లి మళ్లీ పసుపు రంగుకు తిరిగితే పాత పిల్లల్ని వేరు చేయాల్సిన సమయం వచ్చింది.

ఏది ఎందుకు చెడుతుంది

గుడ్లన్నీ తెల్లబడితే మూడు కారణాలు చూడండి: మగది ఫలింపజేయకపోవడం, కొన్ని జాతులకు నీళ్లు మరీ గట్టిగా ఉండటం, మగచేప అనుకున్నది అసలు మగది కాకపోవడం. గుడ్లు బాగుండి మూడో రోజు మాయమైతే తల్లికి బెదురు కలిగిందని అర్థం. గాజుకు మూడు వైపులా కాగితం అంటించి చూడండి. పిల్లలు ఈది నాలుగైదు రోజులకు ఒక్కొక్కటే తగ్గుతుంటే అది ఆకలి, లేదా అడుగున కుళ్లిన మేత.

పెద్దచేప తిండి మానేసి, తెల్లటి దారపు రెట్ట వేస్తూ చిక్కిపోతుంటే పేగుల్లో ఫ్లాజెలేట్లు అనే ఏకకణ పరాన్నజీవులు ఉండవచ్చు. ఇంకా తింటుండగానే 25 గ్రాముల మేతకు 250 మిల్లీగ్రాముల మెట్రోనిడజోల్ కలిపి పెట్టండి. పూర్తిగా మానేసిందంటే మందు మేతలో ఇచ్చే దారి మూసుకుపోయినట్టే. మలద్వారం నుంచి ఎర్రటి దారాలు వేలాడితే అవి కామలానస్ పురుగులు. వాటికి మెట్రోనిడజోల్ పనిచేయదు, లెవమిసోల్ కావాలి, రెండు మూడు వారాలకు మళ్లీ ఒకసారి వేయాలి.

కాన్పంతా మగపిల్లలే అయితే థర్మామీటర్ చూడండి. అపిస్టోలలో వేడి మగపిల్లల్ని, చల్లదనం ఆడపిల్లల్ని పెంచుతుందని 1996లో ఉవే రోమర్, వోల్ఫ్‌గాంగ్ బైసెన్‌హెర్ట్స్ పరిశోధన చూపింది. అది తేలేది మొదటి నెల రోజుల్లోనే. గుడ్లు పడ్డ నాటి నుంచి 26 డిగ్రీల దగ్గర నిలిపితే పాళ్లు దాదాపు సమంగా వస్తాయి. క్రిబెన్సిస్‌లో ఇదే పని పీహెచ్ చేస్తుంది: బాగా ఆమ్లపు నీళ్లలో మగవి ఎక్కువ, 7 దగ్గర రెండూ సమానం.

ఒకే ట్యాంకులో రెండు అపిస్టో జాతుల్ని కలపకండి. పసుపు రంగులో ఉన్న ఆడచేపల్ని ఏది ఏ జాతిదో విడదీయడం పాత చేతులకూ కష్టమే, దగ్గరి జాతులు సంకరమవుతాయి. పిల్లల్ని వేరు చేసిన రోజే డబ్బా మీద జాతి పేరు, తేదీ రాసి అంటించండి. మూడు నెలలకు ఆడా మగా తెలుస్తాయి, ఆరో నెలకు తర్వాతి జంటను ఎంచుకోవచ్చు.